ఎదురుజాడ

ఇది చెప్పేటప్పుడు ముందుది వెనకా, వెనకది ముందూ పడొచ్చు. ఈమధ్య పొద్దున తిన్నానో లేదో కూడా కంచం చూసి తెలుసుకుంటున్నాను. ఆ రోజు జరిగింది మాత్రం, యాభై ఎనిమిదేళ్ళయినా, ముక్కలుగా ఉందే తప్ప చెరిగిపోలేదు. ఆ ముక్కలు కూడా జారిపోకముందే కాగితం మీద పెట్టాలని కూర్చున్నాను. వరస తప్పితే మీరే సర్దుకోండి.

మా నాన్న కుక్కల మేస్త్రి. ఊరి చివర, కొండ మొదట్లో వేట సంఘంవాళ్ళ కుక్కల సాల ఉండేది. రాతిగోడలు, రేకుల కప్పు, మధ్యలో బండలు పరిచిన వాకిలి. సాలకు ఆనుకునే మా ఇల్లు. మాకూ కుక్కలకూ మధ్య ఒకటే గోడ. రాత్రి ఏ కుక్క పక్క మార్చుకుందో పడుకున్న చోటునుంచే చెప్పేవాళ్ళం. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో నాన్న, అన్నయ్య, వదిన, నేను. వదిన ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. నాకు పందొమ్మిదేళ్ళు. బడికి పోలేదు. నాన్న రాసుకునే కుక్కల పుస్తకంలో పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత దొరికిందల్లా చదివాను.

వేటకుక్కల్లో కంటితో వేటాడేవి కొన్ని, ముక్కుతో వేటాడేవి కొన్ని. మావి ముక్కువి. పొట్టి కాళ్ళు, బరువైన ఒళ్ళు, నేల ఊడ్చేంత పొడుగు చెవులు, కిందికి జారిన కంటిరెప్పలు. చూస్తే అప్పుడే చావు కబురు విన్నట్టు ఉంటాయి. గుణం మాత్రం పసిపిల్లల గుణం. ఇంటికి కాపలా పెడితే అంతే సంగతులు. దొంగొస్తే చెయ్యి నాకి దారి చూపిస్తాయి. కానీ ముక్కు ఒకసారి నేలకు ఆనిందా, ఇక చెవులు పనిచేయవు. పిలిచినా, కొట్టినా, ఎదురుగా గొయ్యి ఉన్నా, ముక్కుసూటిగా పోవడమే. "ఈ కుక్కలూ మీ నాన్నా ఒకే ఈతలో పుట్టారు" అనేది వదిన, నవ్వుతూ, నాన్న వినేంత గట్టిగా.

వాటికి సేవ కూడా ఎక్కువే. ఆ చెవుల్లో గాలి ఆడక పుండు పడుతుంది. రెప్పలు జారి ఉంటాయి కాబట్టి కళ్ళలో దుమ్ము చేరుతుంది. రోజూ ఉప్పునీళ్ళతో తుడవాలి. తిండి పెట్టిన వెంటనే పరిగెత్తనిస్తే కడుపు మెలిపడి గంటలో చచ్చిపోతాయి. ఇవన్నీ నా పనులు.

కుక్కపిల్ల పుట్టగానే పేరు పెట్టేవాడు కాదు నాన్న. మొదటిసారి జాడ మీద కూత పెట్టేదాకా ఆగి, ఆ గొంతును బట్టి పెట్టేవాడు. గంట, బూర, ఉరుము, ఈల, రంపం, కంచు. పొగమంచులో కుక్క కనపడకపోయినా గొంతు వినపడితే, ఎవరు ముందున్నారో, ఎవరు దారి తప్పారో తెలుస్తుంది. జాడ చివర దొరికినదాని ఎదుట కూర్చుని, తల పైకెత్తి, ఆగకుండా కూత పెట్టాలి. కరవకూడదు. గాయపడ్డ జంతువైనా, తప్పిపోయిన మనిషైనా అంతే. అది వాటి చదువు.

ఇక తుమ్మెద సంగతి. తుమ్మెద ఆడకుక్క. జాడ మీద మిగతావాటిలా కూత పెట్టేది కాదు. గొంతులోనే ఝుమ్మని ఆగకుండా మోగేది. దానిలో ఒక పెద్ద తప్పుంది. అది ఎదురుజాడ కుక్క.

ఈ మాట కొంచెం చెప్పాలి. జంతువు నడిచిన దారిలో వాసన ఒక వైపుకు పోయేకొద్దీ పాతబడుతుంది, ఇంకో వైపుకు పోయేకొద్దీ తాజా అవుతుంది. మంచి కుక్క పది అడుగులు అటూ ఇటూ పసిగట్టి, తాజా వైపుకు తిరుగుతుంది. జంతువు వెళ్ళింది అటే. కొన్నిటికి ఆ తేడా అందదు. అవి పాత వైపుకు పడిపోతాయి. జంతువు ఎక్కడికి వెళ్ళిందో అక్కడికి కాక, ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికి తీసుకుపోతాయి. అదే ఎదురుజాడ. అలాంటి కుక్కను ఏ మేస్త్రీ ఉంచుకోడు, ఎందుకంటే దాన్ని చూసి మిగతావి పాడైపోతాయి. నాన్న దాన్ని రెండుసార్లు సాల వెనక్కు తీసుకెళ్ళాడు, తుపాకీతో. రెండుసార్లూ అన్నయ్యే అడ్డం పడ్డాడు.

"దానికి ముందూ వెనకా తెలియదురా" అన్నాడు నాన్న.

"పొట్టికీ తెలియదు. దాన్నీ కాల్చేస్తావా?" అన్నాడు అన్నయ్య. పొట్టి అంటే నేను.

ఆ చలికాలం సాలకు జబ్బొచ్చింది. ముక్కూ కళ్ళూ కారతాయి, అరికాళ్ళు చెక్కలా గట్టిపడతాయి, చివరికి దవడలు వణుకుతాయి. వణుకు మొదలైందంటే ఇక లెక్కలోంచి తీసేయడమే. మూడు వారాల్లో ఏడు కుక్కలు పోయాయి. జబ్బు పడ్డవాటికి వెలుతురు సూదిలా గుచ్చుకుంటుంది. అందుకని మా వంటింటి గోడకు అవతల ఉన్న గది కిటికీకి గోనెసంచులు కట్టి, మిగిలిన ఎనిమిదింటినీ అందులో గడ్డి మీద పడుకోబెట్టాం. దానికి తలుపు మా వంటింట్లోంచే. దాన్ని చీకటి గది అనేవాళ్ళం. పట్టపగలు కూడా లోపలికి తడుముకుంటూ వెళ్ళాలి. పుల్లటి వాసన... చీము, తడిగడ్డి, గంజి కలిసిన వాసన. బయట మిగిలినవి రెండే. మా అందరిలోకీ మంచి కుక్క కంచు, ఇంకా జబ్బు తగలనిది. రెండోది తుమ్మెద. అది పిల్లగా ఉన్నప్పుడే ఆ జబ్బు పడి బతికింది. పళ్ళ మీద గుంటలు మిగిలాయి. ఒకసారి వచ్చి పోయినదానికి మళ్ళీ రాదు. దాని ముక్కు అప్పుడే చెడిందని నాన్న అనేవాడు.

ముందురోజు వేట సంఘంవాళ్ళు ఒక అడవిపందిని గాయపరిచి, పొద్దు వాలిందని వదిలేసి వెళ్ళిపోయారు. గాయపడ్డ జంతువును అలా వదలకూడదు. వెతికి పట్టుకుని బాధ తీర్చడం కుక్కల మేస్త్రి బాధ్యత. తెల్లవారేసరికి మంచు పాలు పోసినట్టు దిగింది. నాన్నకు ఛాతీలో పట్టేసి జ్వరం.

"ఈ రోజు ఏ కుక్కా గడప దాటడానికి వీల్లేదు" అన్నాడు.

"అది అక్కడ పేగులు ఈడ్చుకుంటూ పడి ఉంటుంది నాన్నా. నీకు అన్నం ఎలా దిగుతుంది?" అన్నాడు అన్నయ్య.

"కంచు పోతే నాకు ఇక అన్నమే అక్కర్లేదు."

"కంచు పోదు. దాన్ని వదిలి నేను రాను. సరేనా?"

నాన్న గోడ వైపుకు తిరిగి పడుకున్నాడు. అది ఒప్పుకున్నట్టే లెక్క. వదిన గుమ్మం దాకా వెళ్ళి, "మధ్యాహ్నానికి రాకపోతే మీ వాటా కూడా నేనే తినేస్తాను" అంది. "తిను. ఇద్దరి తిండి తినే రోజులు వస్తున్నాయిగా" అన్నాడు అన్నయ్య. వదిన చెంబు ఎత్తి కొట్టబోయింది. అప్పటికి అది ఉత్త వేళాకోళమే. అతను తుపాకీ భుజాన వేసుకుని, కంచుతో బండ్లబాట వైపునుంచి కొండెక్కాడు. బూట్ల చప్పుడు చాలాసేపు వినపడింది. అన్నయ్య కుడి బూటు మడమకు కొట్టిన ఇనప నాడా సగం విరిగి ఉండేది. నడిస్తే ఒక కాలు టక్కుమంటుంది, ఒక కాలు అనదు.

మధ్యాహ్నం దాటింది. వదిన తినలేదు.

మూడు గంటల వేళ అనుకుంటాను. నేను చీకటి గదిలో కుక్కల కళ్ళు తుడుస్తున్నాను. టక్... టక్... వెనక వాకిట్లో, కొండవాగు వైపునుంచి. అన్నయ్య అడుగు విన్నాయంటే చావబోయే కుక్కలు కూడా తోకలు నేలకేసి కొట్టేవి. ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నా కొట్టేవి. నా చేతి కింద ఉన్న గంట తోకను తడిమాను. కదల్లేదు. ఏదీ కదల్లేదు. ఎనిమిదీ ఊపిరి బిగబట్టినట్టు ఉన్నాయి.

నేను ఇంట్లోకి వచ్చేసరికి అన్నయ్య గోడవార పీట మీద కూర్చుని ఉన్నాడు. పొయ్యికి దూరంగా. ఒంటినిండా తడి. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. తడి ఆకుల వాసన, దానికింద తుప్పు వాసన. వదిన తుడుస్తోంది, తిడుతోంది, ఏడుస్తోంది, మూడూ ఒకేసారి.

"కంచు ఏదిరా?" మంచంలోంచి లేచొచ్చాడు నాన్న.

"కొండమీదే ఉంది."

"ఎక్కడ?"

"కొండమీదే ఉంది."

"దెబ్బ తగిలిందా? పోయిందా? నోరు విప్పు!"

అన్నయ్య తల కొంచెం తిప్పాడు. నాన్న ముఖం వైపుకు కాదు, చేతిలో ఉన్న లాంతరు వైపుకు. వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వెలుతురు... కళ్ళలో గుచ్చుకుంటోంది."

"మంచులో నానితే అంతే. జలుబు దిగుతోంది" అంది వదిన. "మామయ్యా, తర్వాత అడగొచ్చు కదా. మనిషి వచ్చాడు, చాలదా?"

"కుక్కను కొండమీద వదిలేసి ఇంటికొచ్చినవాడు నా కొడుకు కాదు" అన్నాడు నాన్న.

కోపంలో అన్నాడు. ఆ మాట తలచుకుని చచ్చేదాకా కుమిలాడు.

ఇంకో రెండు గంటల్లో చీకటి పడుతుంది. కంచు అక్కడెక్కడో కాలు విరిగి పడి ఉంటుందని నాన్న నమ్మకం. అన్నయ్య చెప్పడు, లేవడు. అప్పుడు నాన్నకు తట్టింది. తుమ్మెద మెడకు పొడుగు తాడు కట్టి, కొస నా చేతికిచ్చాడు.

"వీడు వచ్చిన దారే కదా మనకు కావాలి. ఇన్నాళ్ళకు దీని తప్పు మనకు ఒప్పయింది. పద."

వెనక గుమ్మం దగ్గర బురదలో అన్నయ్య అడుగు ఉంది. సగం నాడా అచ్చు నెలవంకలా పడింది. తుమ్మెద ముక్కు ఆనించింది. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తోక కడుపుకిందకు పోయింది. ఏ జాడ మీదా దాన్ని అలా చూడలేదు.

"జ్వరం వాసన తగిలిందేమో" అన్నాడు నాన్న.

తర్వాత గొంతులో ఝుమ్మని మొదలైంది. తాడు బిగిసింది.

మంచులో పది అడుగుల అవతల ఏమీ లేదు. నాన్న దగ్గు నా వెనక, తుమ్మెద మోత నా ముందు. మధ్యలో నా చెయ్యి నాకే సగం కనపడుతోంది. వాగు మీద చెక్క దాటాం. చెక్క మీద కూడా ఆ తడి అడుగులున్నాయి. వేళ్ళు మా వైపుకు, మడమలు కొండ వైపుకు. ఇంటికి వచ్చిన మనిషి అడుగులు అలాగే ఉంటాయి. ఒక్కటి మాత్రం నాకు వింతగా తోచింది. ఏటవాలు మీదినుంచి దిగేటప్పుడు ఎవరైనా జారతారు, ఒక చోట ఆగుతారు, ఊపిరి తీసుకుంటారు. ఈ అడుగులు ఎక్కడా ఆగలేదు. ముళ్ళపొద ఉన్నా పక్కకు తప్పుకోలేదు. అన్నీ ఒకే దూరం. కొలతబద్ద పెట్టి వేసినట్టు.

"నాన్నా..."

"చూశాను. నడువు."



పైన విరిగిపడ్డ చెట్ల మధ్య ఒక పల్లం ఉంది. అక్కడికి వచ్చేసరికి తుప్పు వాసన గుప్పుమంది. తుమ్మెద మోత ఆగిపోయింది. తాడు వదులైంది. అది కూర్చుంది. తల పైకెత్తింది. కూత మాత్రం రాలేదు. నోరు తెరుచుకుని ఉంది, అంతే.

ముందు పంది కనపడింది. చచ్చి పడి ఉంది, చెవి కింద గుండు దెబ్బ. దాని అవతల కంచు. బతికే ఉంది. పడుకుని, కళ్ళు మాత్రం ఎత్తి మమ్మల్ని చూసింది. తల కింద ఎవరిదో ఛాతీ.

అన్నయ్యది.

తొడ చీరుకుపోయి ఉంది. కింద ఆకులన్నీ నల్లగా అంటుకుపోయాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, రెప్పల మీద మంచు బొట్లు. నాన్న మోకాళ్ళ మీద కూలబడి చేతి వేళ్ళు వంచబోయాడు. వంగలేదు. దవడ పట్టుకుని చూశాడు. జీవితమంతా చచ్చిన జంతువుల్ని అలా చూసిన చెయ్యి అది. దానికి అబద్ధం రాదు.

"పొద్దున్నే..." అన్నాడు గుసగుసగా. "తొమ్మిది కూడా అయి ఉండదు."

నేను కాళ్ళ వైపుకు చూశాను. బూట్లు ఉన్నాయి. కుడి మడమకు సగం నాడా ఉంది.

ఆ మడమకు జానెడు దూరంలో మెత్తటి మట్టిలో రెండు అడుగులు. పక్కపక్కనే. లేచి నిలబడిన మనిషి అడుగులు. వాటి వెనక ఇంకే అడుగూ లేదు. అక్కడినుంచే మొదలై... ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి... ఇంటి వైపుకు.

నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"కోడలు ఒక్కతే ఉంది ఇంట్లో."

అన్నయ్య పక్కన పడి ఉన్న తుపాకీని నాన్న తీసుకున్నాడు. కంచును పిలిచాడు. అది రాలేదు, తల కూడా ఎత్తలేదు. తన కోటు తీసి అన్నయ్య మీదా కంచు మీదా కలిపి కప్పాడు. వెనక్కు తిరిగాం.

తిరిగిన వెంటనే తుమ్మెద నేలకు ముక్కు ఆనించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి జాడను సరైన వైపుకు పట్టింది. ఇంటి వైపుకు. మోత పెరుగుతోంది, అడుగడుక్కూ పెరుగుతోంది. వాసన తాజా అవుతోందని దాని అర్థం. నాన్న పరిగెత్తుతున్నాడు, దగ్గుతున్నాడు, పడుతున్నాడు, లేస్తున్నాడు. వాగు దాటేసరికి చీకటి పడింది. కుక్కల సాల వైపునుంచి చిన్న మూలుగు కూడా లేదు.

ఇంట్లో దీపం లేదు. తలుపు ఓరగా ఉంది.

"వదినా..."

"ష్... మెల్లగా. ఇప్పుడే పడుకున్నారు."

వదిన వంటింటి గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పుల వెలుతురు ఆమె ఒడిలో పడుతోంది. ఒడి అంతా తడిసి ఉంది.

"ఎక్కడ?" అన్నాడు నాన్న.

"చీకటి గదిలో. దీపం ఆర్పేయమన్నారు, ఆర్పాను. నిప్పులు కూడా ఓర్చుకోలేకపోయారు పాపం. ఇంతసేపూ నా ఒళ్ళో తల పెట్టుకున్నారు. కుక్కల దగ్గర పడుకుంటానని ఇప్పుడే లేచి వెళ్ళారు." మమ్మల్ని చూసి, తుపాకీని చూసింది. "ఏమైంది? కంచు పోయిందా?"

నాన్న చెప్పాడు. ఎలా చెప్పాడో నాకు గుర్తులేదు. ఈ ఒక్క ముక్క నిజంగానే పోయింది. వదిన లేచి నిలబడటం గుర్తుంది. చీకటి గది తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది.

"మీరు ఎవరినో చూశారు. మంచులో ఎవరినో చూసి..."

"నా కొడుకును నేను గుర్తుపట్టలేనా అమ్మా?"

"నా మొగుణ్ణి నేను గుర్తుపట్టలేనా మామయ్యా?"



అప్పుడు తలుపు అవతలినుంచి వినిపించింది. అన్నయ్య గొంతే. నిద్రలో ఉన్నట్టు.

"నాన్నా... కంచు దొరికిందా?"

నాన్న చేతిలో తుపాకీ కిందకు వాలిపోయింది.

"నాన్నా... కంచు దొరికిందా?"

అదే గొంతు. అదే సాగదీత. మొదటిసారికీ రెండోసారికీ వెంట్రుకవాసి తేడా లేదు.

నాన్న పెదాలు కదిలాయి. చాలా మెల్లగా, పసివాడికి చెప్పినట్టు చెప్పాడు.

"దొరికిందిరా. నీ దగ్గరే ఉంది."

లోపల ఇక మాట లేదు.

నాన్న వదినను పక్కకు తప్పించాడు. నేను లాంతరు వెలిగించాను. మూడు అగ్గిపుల్లలు విరిగాయి. తలుపు తోశాడు. పుల్లటి వాసన లేదు. తడి ఆకుల వాసన. కుక్కలు ఉండాల్సిన చోట్ల లేవు. లేవలేని కుక్కలు, వారం రోజులుగా కాలు కదపని కుక్కలు, ఎనిమిదీ ఒక చోటికి పాక్కుంటూ చేరాయి. చుట్టూ గుండ్రంగా పడుకున్నాయి. మధ్యలో ఒట్టి గడ్డి. మనిషి పడుకుంటే నలిగినట్టు నలిగి ఉంది. అంతే, ఎవరూ లేరు. కిటికీ గోనెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. వేరే దారి లేదు.

ముసలి ఉరుమును చూశాను. అది తల నేలమీద పెట్టలేదు. గడ్డికి బెత్తెడు ఎత్తున గడ్డం ఆనించి పడుకుంది. దేనికి ఆనించిందో లేదు. కింద గాలి.

మేము చూస్తుండగానే ఆ గడ్డం మెల్లగా... మెల్లగా... కిందకు దిగింది. కింద ఉన్నదేదో పక్కకు జరిగినట్టు.

లాంతరు మంట చిన్నదైంది. చల్లటి తడి ఒకటి నా మోచేతిని తాకుతూ పోయింది.

తాడు చేతిలోంచి జారింది. తుమ్మెద గదిలోకి వెళ్ళి, నలిగిన గడ్డి మీద ముక్కు పెట్టింది. ఝుమ్మంది. గదిలో ఒక చుట్టు తిరిగింది. గడప దాటింది. వంటింట్లోకి వచ్చింది. నేల వాసన చూసుకుంటూ, తొందర లేకుండా, తిన్నగా వెళ్ళి... వదిన ఎదుట కూర్చుంది.

తల పైకెత్తింది. కూత పెట్టింది.

దానికి కూత ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. దాని వెనకే చీకటి గదిలోని ఎనిమిదీ అందుకున్నాయి. వదిన కదల్లేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కళ్ళార్పకుండా ఆ కుక్కను చూస్తూ ఉండిపోయింది.

"ఎదురుజాడ!" అని అరిచాడు నాన్న. "ఎదురుజాడ కుక్క ఇది! దీన్ని నమ్మొద్దు! దీనికి ముందూ వెనకా తెలియదు!" మెడ పట్టి ఈడ్చాడు. అది కూత ఆపలేదు. వాకిట్లోకి ఈడ్చుకుపోయాడు. సాల వెనకనుంచి ఒక్క దెబ్బ వినిపించింది. అడ్డం పడే మనిషి ఈసారి లేడు. నేను పడాల్సింది. పడలేదు.

పొద్దున వేట సంఘంవాళ్ళను తీసుకెళ్ళి అన్నయ్యను దించుకొచ్చాం. కంచు కోటు కిందే పోయింది. వారం తిరక్కుండా చీకటి గదిలోవి కూడా పోయాయి. సంఘంవాళ్ళు సాల మూసేశారు. నాన్న ఆ కుక్కల పుస్తకాన్ని పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత ఏ కుక్కనూ ముట్టుకోలేదు, ఎక్కువకాలం బతకలేదు కూడా.

వదిన ఆ సాయంత్రం గురించి ఒక్కసారే మాట్లాడింది. "తల ఒళ్ళో పెట్టుకున్నారు కదా అమ్మాయీ, బరువు తెలియలేదు. తడే తెలిసింది" అంది. ఎనిమిది నెలలకు ఆడపిల్ల పుట్టింది. వేళ్ళమీద లెక్క పెట్టాను. లెక్క సరిగ్గానే ఉంది. అందరి ఇళ్ళలో పుట్టినట్టే పుట్టింది, అందరిలాగే ఏడ్చింది.

అయినా నాకు తేలనిది ఒకటుంది. ఆ రోజు తుమ్మెద ఒకసారి పాత వైపుకు పట్టింది, ఒకసారి తాజా వైపుకు పట్టింది. మూడోసారి ఎటు పట్టింది? ఆ వచ్చినది చివరికి ఎక్కడికి వెళ్ళిందో చూపించిందా, అసలు ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో చూపించిందా? మధ్యాహ్నం దాటినా తినకుండా, గుమ్మంలో నిలబడి, రావాలి రావాలి అనుకున్నది వదినే కదా.

మేనకోడలా, ఈ కాగితాలు ముందు నీకే ఇస్తున్నాను. ఇది చదివి నొచ్చుకోకు. మీ అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను, ఇప్పుడు నాకు అన్నం కలిపి పెడుతున్నది నువ్వు. నీ మీద నాకు అనుమానం ఎందుకుంటుంది? నిన్న మధ్యాహ్నం నేను ఆ ఎనిమిది కుక్కల పేర్లూ, అవి పడుకునే చోట్లూ పైకి చదువుకుంటూ రాసుకుంటున్నాను. ఉరుము, గంట, బూర, ఈల, రంపం, జోరీగ, కీచురాయి, ఆకురాయి. "కిటికీ కింద ఉరుము" అన్నాను. నువ్వు వంటింట్లో కూర తరుగుతున్నావు. తలెత్తకుండానే అన్నావు: "కిటికీ కింద పడుకునేది గంట కదా అత్తా. ఉరుము నా కాళ్ళ మీద గడ్డం పెట్టుకునేది."

తర్వాత కత్తి చప్పుడు మామూలుగానే వినిపించింది.

ఎప్పుడో నేనే చెప్పి ఉంటాను. చెప్పి మరిచిపోయి ఉంటాను. నా సంగతి నీకు తెలుసు కదా. పుస్తకం కాలిపోయింది, వాటిని చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. పేర్లు ఒకసారి సరిచూడమ్మా. తప్పులుంటే నువ్వే దిద్దు.